కోటీ అరవై ఏడు లక్షల రంగులు

తప్పు చేసినవాడు మొట్టమొదట చేసే పని, ఆ తప్పును నెత్తిన వేయడానికి మరొకరిని వెదకడం. మనుషులెవరూ దొరక్కపోతే వస్తువులుండనే ఉన్నాయి. నాకు దొరికింది కంప్యూటరు. అందులో మంచి కార్డు లేకపోవడంవల్లనే ఇంత పని జరిగిందని నిశ్చయించుకుని, చీటీ పాడి ఎత్తిన ముప్పైవేలూ లోపలి జేబులో పెట్టుకుని బెంగుళూరు బస్సెక్కాను. తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో ఏముందో ముందే చెబితే మీరు నవ్వుతారు. అందుచేత మొదటినుంచీ చెబుతాను.

మాది పెద్దపంజాణి. ఇటు పలమనేరు, అటు పుంగనూరు. టమాటా తోటలు, మల్బరీ తోటలు, తెల్లవారకముందే పాలక్యాన్ల చప్పుడు - ఇదీ మా ఊరు. బస్సులాగే చోట నాకొక చిన్న అంగడి ఉంది. పెళ్ళిపత్రికలు, ఫొటోలు, ఫ్లెక్సీలు తయారుచేసి ఇస్తాను. మా తాత మగ్గం నేసినవాడు. నేను మగ్గం వదిలి మౌసు పట్టాను. మా అక్కను మాత్రం మగ్గమున్న ఇంటికే ఇచ్చాం. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అంటే పట్టుచీరలు కట్టేవారందరికీ తెలిసిన పేరే. మా బావ అక్కడ జకార్డు మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు.

ఒక రోజున మా ఊరివారే ఒక పెళ్ళివారు నా అంగడికి వచ్చారు. పెళ్ళికూతురికి కనకాంబరం రంగు చీర కావాలి, అంచులో హంసలుండాలి, అది ముందుగా బొమ్మలో చూసుకోవాలి. ఇంతకంటె తేలికైన పని ఏముంది? బొమ్మ గీశాను. కనకాంబరం రంగు వేశాను. తెరమీద వెలవెలబోయినట్లు కనబడింది. ఇంకాస్త రంగు పెంచాను. ఇంకా చాలలేదు. మరికాస్త పెంచాను. "ఆఁ, ఇదీ కనకాంబరం!" అన్నారు పెళ్ళివారు. నేను సంతోషించి, ఆ బొమ్మను బావ ఫోనుకు పంపించాను. బావ దాన్ని అద్దకం చేసేవాడికి చూపించాడు. పట్టుకు రంగు పడింది. పడుగు మగ్గమెక్కింది. మూడు చీరల పడుగు అది.

నెల గడిచాక పెళ్ళికూతురి తల్లి చీర విప్పి చూసి, దాన్ని వెలుగులోకి పట్టుకెళ్ళి, మళ్ళీ చూసి, ఒకే ఒక మాట అంది:

"ఇది కనకాంబరమా నాయనా? మదనపల్లె మార్కెట్టులో బుట్టలకెత్తే టమాటా గదా!"

చీర వెనక్కి వచ్చింది. పెళ్ళివారు ఇచ్చిన బయానా బావ తిరిగి ఇచ్చేశాడు. నన్ను ఒక్కమాట అనలేదు. మా అక్క కూడా అనలేదు. అక్క నోటితో తిడితే పడవచ్చును గాని, ఏమీ అనకుండా అన్నం వడ్డిస్తే ఆ ముద్ద దిగదు. అద్దకానికి, పట్టుకు, జరీకి పెట్టిన డబ్బు అప్పు తెచ్చిన డబ్బని నాకు తెలుసు.

కార్డు మీద నేరం

అప్పుడు మా మేనల్లుడు రంగంలోకి దిగాడు. కాలేజీలో చదువుతున్నాడు. నా కంప్యూటరు మూత విప్పి, లోపలికి టార్చిలైటు వేసి చూసి, "మామా, నీ దాంట్లో గ్రాఫిక్సు కార్డే లేదు. బొమ్మంతా ప్రాసెసరులోని చిన్న ముక్కే వేస్తాండాది" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. దొంగ దొరికాడు! కార్డు లేదు గనుకనే రంగు పాడైంది. మంచి కార్డు, ఎక్కువ చుక్కలు చూపేది, ఎక్కువ రంగులు చూపేది, ఒకటి కొని తగిలిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఈ కార్డు చేసే పని కాస్త చెప్పాలి. నేతగాళ్ళ ఇళ్ళలో గళ్ళ కాగితం ఉంటుంది. హంస బొమ్మ వేయాలంటే ఆ గళ్ళలో ఒక్కొక్క గడినీ రంగుతో నింపుతారు. గడి చిన్నదైతే హంస మెడ వంపు నున్నగా వస్తుంది. పెద్దదైతే మెట్లు మెట్లుగా వస్తుంది. కంప్యూటరు తెర కూడా అచ్చంగా గళ్ళ కాగితమే. ఈ గడి ఈ రంగు, ఆ గడి ఆ రంగు అని చిట్టా రాసుకుని, ఆ చిట్టాను సాధారణంగా సెకనుకు అరవైసార్లు తెరకు చదివి వినిపించే గుమాస్తాయే గ్రాఫిక్సు కార్డు.

ఈ గుమాస్తా మొదట చాలా బీదవాడు. 1981లో ఐబీఎం కంపెనీ తన పీసీతో తెచ్చిన రంగుల కార్డు 320 అడ్డ గళ్ళు, 200 నిలువు గళ్ళు చూపేది. ఒక్కసారికి నాలుగే రంగులు. కనకాంబరం సంగతి అలా ఉంచండి, ఆకుకూ పూవుకూ రంగు పంచడమే కష్టం. 1984లో వచ్చిన కార్డు 640కి 350 గళ్ళలో పదహారు రంగులు చూపింది. 1987లో వీజీఏ వచ్చింది. అది 640కి 480 గళ్ళలో పదహారు రంగులు చూపేది. గళ్ళు తగ్గించుకుంటే, 2,62,144 రంగుల పెట్టెలోనుంచి ఏరుకుని ఒకేసారి 256 రంగులు చూపేది. ఆనాటివారికి అదే ఇంద్రధనుస్సు.

ఇప్పుడు మామూలు తెరకే 1920 అడ్డం, 1080 నిలువు. అంటే 20,73,600 గళ్ళు. 4కే అనే పెద్ద తెరకైతే 3840కి 2160, మొత్తం 82,94,400 గళ్ళు. ప్రతి గడిలోనూ మూడు రంగులు - ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్క రంగుకు 256 మెట్లు. మూడింటినీ హెచ్చవేస్తే 1,67,77,216 రంగులు. కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు! ఇన్ని రంగులకు పేర్లు పెట్టాలంటే మన ఆడవాళ్ళవల్ల కూడా కాదు.

ఈ మూడు రంగుల కిటుకు కంప్యూటరువాళ్ళు కనిపెట్టింది కాదు. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు లండన్‌లో ఒక సభలో దీన్ని రుజువు చేసి చూపించాడు. ఒక వస్తువును ఎర్రని, పచ్చని, నీలపు వడపోతల గుండా విడివిడిగా ఫొటోలు తీయించి, మూడింటినీ తెరమీద ఒకదానిపై ఒకటి పడేట్టు వేశాడు. రంగుల బొమ్మ వచ్చింది. ఆయన ఫొటో తీయించిన వస్తువేమిటో తెలుసా? స్కాట్లండువారి గళ్ళ రిబ్బను ముక్క. రంగుల ఫొటోకు శ్రీకారం చుట్టింది కూడా నేసిన గుడ్డే నన్నమాట!

నాలుగువేల బేరం

మొదటి బేరం దగ్గరలోని ఒక పట్నంలోనే తగిలింది. అంగడి పేరు అక్కరలేదు. "నాలుగు జీబీ కార్డు, ఒకరు వాడింది, నాలుగువేలకిస్తా" అన్నాడు. కార్డు తళతళలాడుతోంది. రెండు పంకాలు కూడా ఉన్నాయి. నేను డబ్బు తీయబోతుంటే మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని, "ఒకసారి తగిలించి చూపించన్నా" అన్నాడు అంగడివాడితో.

తగిలించారు. కంప్యూటరు కూడా అదే పేరు చూపించింది. నాలుగు జీబీ అనే చెప్పింది. మావాడు అంతటితో ఊరుకోలేదు. పెన్‌డ్రైవులోనుంచి జీపీయూ-జెడ్ అనే ఉచిత సాధనాన్ని తీసి నడిపించాడు. అది కార్డు పేరు పక్కనే 'నకిలీ' అని రాసి చూపింది. కార్డులో దాని పేరూ ఊరూ రాసిపెట్టుకునే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. ఏళ్ళనాటి పాత కార్డును తెచ్చి, ఆ చిప్పులోని రాతను మార్చి, కొత్త పేరు పెట్టి అమ్ముతారన్నమాట. మనిషి దొంగపేరు పెట్టుకుంటే వేలిముద్రలు చూస్తాం. కార్డుకు ఈ సాధనం వేలిముద్రలు చూస్తుంది. 2018 నుంచి దానికి ఈ విద్య అబ్బింది.

"నాకూ తెలియదు సామీ, నాకూ ఎవురో ఇట్లే అంటగట్టినారు" అన్నాడు అంగడివాడు. నిజమే కావచ్చు. మోసపోయినవాడు తర్వాతివాడిని వెదకడం నాకు మాత్రం కొత్తా?

వాడిన కార్డుల విషయంలో మరో సంగతి కూడా మేనల్లుడు చెప్పాడు. కొన్నేళ్ళపాటు లోకంలో చాలామంది ఈ కార్డులను పదులకొద్దీ వరసగా పెట్టి, రాత్రింబగళ్ళు నడిపించి ఈథర్ అనే డిజిటల్ నాణేలను సంపాదించేవారు. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెపు పద్ధతి మారిపోయి, కార్డులతో పని లేకుండా పోయింది. దాంతో ఆ అలసిపోయిన కార్డులెన్నో పాతసరుకు బజారుకు వచ్చాయి. అన్నీ చెడ్డవని కాదు. కాని బండి కొనేటప్పుడు ఎన్ని మైళ్ళు తిరిగిందో అడిగినట్టు, కార్డు కొనేటప్పుడు ఎక్కడ పనిచేసి వచ్చిందో అడగాలి.

బెంగుళూరు బజారులో

ఇక లాభం లేదని బెంగుళూరు ప్రయాణం కట్టాను. సికిందరాబాదువారికి చినాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నపట్నంవారికి రిచీ వీధి ఎట్లాగో, మావైపువారికి బెంగుళూరు సాదర్ పత్రప్ప రోడ్డు అట్లా. ఎస్.పి. రోడ్డంటేనే అందరికీ తెలుస్తుంది. పలమనేరులో బస్సు మారి, నంగలి దాటి కన్నడ బోర్డులు మొదలైన తర్వాత ముళబాగిలు, కోలారు మీదుగా మధ్యాహ్నానికి చేరాను. అక్క ఇంట్లో మిగిలిన నిజమైన కనకాంబరం రంగు పట్టు చిలప ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఆ హంసల బొమ్మను పెన్‌డ్రైవులో వేసుకున్నాను. రోగిని వెంటబెట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళడమే మర్యాద కదా!

ఆ వీధిలో కంప్యూటరులోని ఏ ముక్క కావాలన్నా దొరుకుతుంది. దొరకనిది నిలబడడానికి చోటు మాత్రమే. నాలుగంగళ్ళు తిరిగాను. ఒకరు పన్నెండు జీబీ అన్నారు; ఒకరు పదహారన్నారు. ధర వింటే చీటీ ఒకటి కాదు, రెండు ఎత్తాలి. అయిదో అంగడిలో తల నెరసిన పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. "ఏను బేకు?" అన్నాడు. నా కన్నడం రెండు మాటలకే అయిపోయేసరికి ఆయన నవ్వి తెలుగులోకి దిగాడు. వాళ్ళదీ కోలారు పక్కేనట.

"ఎక్కువ గళ్ళూ, ఎక్కువ రంగులూ చూపే కార్డు కావాలి సామీ" అన్నాను.

"ఆటలాడతారా?"

"లేదు."

"సినిమాలు కత్తిరిస్తారా?"

"లేదు. చీరల బొమ్మలు గీస్తాను."

"మీ తెర ఎంతది? దానికి తీగ ఏది?"

మేనల్లుడు కాగితం మీద రాసిచ్చిన వివరాలన్నీ చదివాను. 1920కి 1080 తెర. హెచ్‌డీఎంఐ తీగ. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడండి. కార్డు అమ్మేది నా వ్యాపారం. ఇప్పుడే ఇరవైయైదువేలది ఒకటి ఇస్తాను, సంతోషంగా పోతారు. మీ రంగు మాత్రం ఇట్లే ఉంటుంది. ఎల్లుండి వచ్చి నా అంగడి ముందర కూర్చుంటారు. ఆ లాభం నాకొద్దు" అని, లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ లెక్క నాకు అక్షరాలా గుర్తుంది. పెద్ద 4కే తెర మీద ఒక బొమ్మ నిలబడాలంటే, గడికి మూడు బైట్ల చొప్పున 2,48,83,200 బైట్లు చాలు. సుమారు ఇరవైయైదు ఎంబీ. ఒక్క జీబీలో ఇలాంటి బొమ్మలు నలభై పడతాయి. మరి పన్నెండు జీబీలు, పదహారు జీబీలు ఎందుకు? ఆటల్లో పరుగెత్తే గుర్రాలకు, వాటి నీడలకు, సినిమాపనికి, కృత్రిమ మేధ లెక్కలకు. కదలని హంసకు కాదు. ఇప్పటి ప్రాసెసర్లలో చాలావాటిలో ఉండే చిన్న గ్రాఫిక్సు ముక్క కూడా ఆ కోటీ అరవై ఏడు లక్షల రంగులనూ పంపగలదు. గళ్ళ విషయంలో తీగను చూసుకోవాలి. పాత నీలిరంగు మూతి వీజీఏ తీగ రంగును మెట్ల లెక్కగా కాక కరెంటు హెచ్చుతగ్గులుగా పంపుతుంది కనుక, బొమ్మ కాస్త మసకబారవచ్చు. హెచ్‌డీఎంఐలో 1.4 రకమైతే 4కే బొమ్మను సెకనుకు ముప్పైసార్లే పంపుతుంది. 2013లో వచ్చిన 2.0 రకమైతే అరవైసార్లు పంపుతుంది.

"అయితే నా రంగు ఎక్కడ పోయింది?" అన్నాను.

"చూపిస్తా" అని ఆయన లేచాడు.

ఒక్క మీట

రెండు ఒకే రకం తెరలను పక్కపక్కన పెట్టి, నా హంసల బొమ్మను రెండింటిమీదా వేశాడు. ఒకదానిమీద నా అంగట్లో కనబడిన కనకాంబరమే కనబడింది. రెండో దానిమీద టమాటా! అదే బొమ్మ. అదే కార్డు. నేను నోరు తెరిచాను.

"మొదటి దాంట్లో నేనొక మీట మార్చినా, అంతే" అన్నాడాయన.

సంగతేమిటంటే, టెలివిజన్లవారికి ఒక పాత ఆచారముంది. రంగు మెట్లను సున్నా నుంచి 255 దాకా కాక, 16 నుంచి 235 దాకానే వాడుకుంటారు. హెచ్‌డీఎంఐ తీగ తగిలించినప్పుడు కంప్యూటరు ఒక్కోసారి ఎదురుగా ఉన్నది మానిటరు కాదు, టీవీ అనుకుని రంగులను ఆ చిన్న కొలతలోకి కుదించి పంపుతుంది. మానిటరుకు ఆ సంగతి తెలియకపోతే నలుపు బూడిదవుతుంది, తెలుపు వెలిసిపోతుంది, మధ్యనున్న రంగులన్నీ ఉతికిన గుడ్డల్లా అవుతాయి. మెట్లు 256కు బదులు 220 అయితే రంగులు 1,06,48,000. అంటే అరవై ఒక్క లక్షల రంగులు తీగలోకి దిగకముందే పోయాయి. సెట్టింగులలో 'పూర్తి శ్రేణి' అనే మాటను ఎంచుకుంటే అన్నీ తిరిగి వస్తాయి. ఖర్చు కాణీ లేదు.

నా తెర వెలిసి చూపింది. నేను అది చాలదని రంగు పెంచాను. బొమ్మ నిజంగా టమాటా అయింది. బావ ఫోను నిజం చెప్పింది. అద్దకంవాడు నిజం నమ్మాడు. మధ్యలో అబద్ధమాడినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ తెలియకుండా.

"ఇంకొకటి గుర్తుపెట్టుకోండి" అన్నాడు పెద్దాయన. "రంగుల లెక్క వేరు, రంగుల మేర వేరు. ఎకరం పొలాన్ని పది మళ్ళు చేసినా, వెయ్యి మళ్ళు చేసినా ఎకరమే. మెట్లెన్ని అనేది మళ్ళ లెక్క. తెర ఎంత చిక్కని ఎరుపు, ఎంత చిక్కని పచ్చ చూపగలదనేది పొలం కొలత. ఆ కొలత తెరది, కార్డుది కాదు."

ఆ కొలతకు 1996లో రెండు కంపెనీలు కలిసి ఒక ప్రమాణం పెట్టాయి, ఎస్ఆర్‌జీబీ అంటారు. తెర కొనేటప్పుడు ఆ ప్రమాణంలో నూటికి ఎంత చూపుతుందని అడగాలట. చవకరకం తెరలు కొన్ని రంగుకు 64 మెట్లే చూపగలవు. 64ను మూడుసార్లు హెచ్చవేస్తే 2,62,144. 1987నాటి వీజీఏ రంగులపెట్టె లెక్కే! మిగతా రంగులను అవి గళ్ళను మినుకుమినుకుమనిపించి కంటిని మభ్యపెట్టి చూపుతాయి. ఐపీఎస్ రకం తెరలు పక్కనుంచి చూసినా రంగు అంతగా మారకుండా నిలబెడతాయి. ఇంకా పైమెట్టు కావాలంటే రంగుకు 1,024 మెట్లున్న పద్ధతి ఉంది. అది నూట ఏడు కోట్ల పైచిలుకు రంగులు. కాని కార్డు, తీగ, తెర, బొమ్మ గీసే సాధనం - నాలుగూ ఆ పద్ధతివైతేనే ఫలం. నాలుగెడ్ల బండిలో ఒక ఎద్దు కుంటిదైతే బండి దాని నడకే నడుస్తుంది.

ఆటలకో, సినిమాపనికో నిజంగా కార్డు కావలసినవారికి కూడా ఆయన ఒక హితవు చెప్పాడు. కార్డు ధర అడిగేముందు మీ పెట్టెలో అది పట్టే చోటుందా, కరెంటు ఇచ్చే పవర్ సప్లైకి శక్తి ఉందా చూసుకోవాలి. కార్డు కూర్చునే గాడి 75 వాట్లవరకే ఇస్తుంది. అంతకు మించి తినే కార్డుకు వేరే తీగ వేయాలి. ఆ తీగ లేని పెట్టెలోకి పెద్ద కార్డు తేవడమంటే, దాణా లేని ఇంటికి ఏనుగును తోలుకురావడమే.

ఆయనకు దండం పెట్టి లేచాను. ముప్పైవేలూ జేబులోనే ఉన్నాయి. వచ్చేటప్పుడు ముళబాగిల్లో దోసె తిన్నాను. బెంగుళూరు ప్రయాణంలో నేను కొన్నది అదొక్కటే. ఇప్పుడు నవ్వండి.

అటకమీది కార్డులు

ఊరికి చేరి మీట మార్చాను. పెద్దాయన చెప్పినట్టే నల్లని అక్షరాలు నల్లబడ్డాయి. బొమ్మ టమాటా అయి కూర్చుంది. రంగు తగ్గించి, కిటికీ పక్కన పగటివెలుగులో చిలపను తెరకానించి చూసుకుంటూ సరిచేశాను. దాదాపు కలిసింది. పూర్తిగా కలిసిందని మాత్రం చెప్పలేను.

ఆ ఆదివారం నీరుగట్టువారిపల్లె వెళ్ళి జరిగినదంతా చెప్పి, "బావా, తప్పు కార్డుది కాదు, నాదే" అన్నాను. ఆ మాట అనడానికి బెంగుళూరు దాకా పోవలసి వచ్చింది.

బావ కాసేపు మగ్గం ఆపి కూర్చున్నాడు. "ఏం బామ్మర్దీ, కార్డు కోసమా అంతదూరం పోయినావు? మనింట్లో లేకనా?" అని, అటకమీదినుంచి తాళ్ళతో కుట్టిన అట్టల కట్ట ఒకటి దించాడు. జకార్డు అట్టలు. అట్టనిండా చిల్లులు. చిల్లి ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగుపోగులను పైకెత్తుతుంది. చిల్లి లేనిచోట పోగు కిందనే ఉంటుంది. ఒక్కొక్క పేకపోగుకు ఒక్కొక్క అట్ట. "ఇది 240 హుక్కుల జకార్డు. 240 గళ్ళన్న మాట. నీ తెర గళ్ళ లెక్క ఇదే కదా?" అన్నాడు. నిజమే! నేను ఎక్కువ గళ్ళ కార్డని వీధులన్నీ వెదికితే, దాని ముత్తాత అక్క ఇంటి అటకమీద ఉన్నాడు.

ఉత్త ముత్తాత అనడం కూడా మాట వరసకు కాదు. ఫ్రాన్సులో లియాన్ పట్నపు జోసెఫ్ మారీ జకార్డు 1804లో ఈ చిల్లుల అట్టల యంత్రాన్ని తయారుచేశాడు. 1839లో ఆ ఊరివారు ఆయన బొమ్మనే పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. చూసినవారు చెక్కిన బొమ్మ అచ్చువేశారనుకునేవారట. అందులో ఒక ప్రతిని ఇంగ్లండులో లెక్కల యంత్రానికి రూపం గీసిన చార్లెస్ బాబేజి సంపాదించి, ఇంటికి వచ్చినవారికి చూపించి మురిసిపోయేవాడు. తన యంత్రాన్ని కూడా ఇలాంటి అట్టలతోనే నడపాలని ఆయన ఆలోచన. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ చిల్లుల అట్టలతో తేల్చాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. నాలుగు రంగుల కార్డు తెచ్చిన ఆ ఐబీఎమ్మే!

ఇంతలో బావ లోపలికి కేకవేసి మరొక అట్ట తెప్పించాడు. దానిమీద వరసలు వరసలుగా రంగుపట్టు కుచ్చులు అంటించి ఉన్నాయి. చిలకపచ్చ, వంగపండు, మామిడిపండు, ఆనంద, కనకాంబరం... అద్దకంవాడి షేడు కార్డు. "రంగు అడిగితే ఇదిట్లా వెలుగులో పెట్టి చూపించాల. ఫోనులో చూపించింది నాదీ తప్పే" అన్నాడు.

నా నేరంలో సగం ఆయన తీసుకున్నాడు. తీసుకోవలసిన అవసరం లేదు.

నేతపనివాళ్ళు రంగు చెడిందని అద్దకంవాడి మీద పడడం ఇవాళ్టిది కాదు. పారిస్‌లో గోబెలిన్సు అనే పేరుగల తివాచీల కార్ఖానాలో అద్దకపు శాఖకు 1824లో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పెద్ద అయ్యాడు. నల్లరంగు చాలినంత నల్లగా లేదని నేతవారి ఫిర్యాదు. ఆయన పరీక్షించి చూస్తే రంగు మంచిదే. పక్కనున్న నీలాల మూలంగా కంటికి అది వెలిసినట్టు కనబడుతోంది. ఆ ఒక్క ఫిర్యాదు పట్టుకుని ఆయన పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో పరిశోధించి, 1839లో పెద్ద గ్రంథమే ప్రకటించాడు. నూటరెండేళ్ళు బతికిన ఆ మహానుభావుడికి తెలిసిన సంగతి నాకు ఒక పడుగు పాడయ్యాక తెలిసింది.

చివరకు బావ నన్ను మగ్గం దగ్గరకు పిలిచాడు. కొత్త చీర. నీలపు పడుగు, ఆకుపచ్చ పేక. ఇటునుంచి చూస్తే నీలం, అటునుంచి చూస్తే పచ్చ, కదిపితే రెండూ కలిసి మెరుపు. నెమలికంఠం. "దీన్ని నీ తెరమీద చూపించు చూద్దాం" అన్నాడు. నేను ఆలోచించాను. తెరమీద గడి ఎటునుంచి చూసినా ఒకే రంగు చూపాలని మనుషులు ఏళ్ళతరబడి పాటుపడ్డారు. ఐపీఎస్ గొప్పతనమే అది. పట్టు గొప్పతనమేమో చూసే కొద్దీ మారడం. కోటీ అరవై ఏడు లక్షల రంగుల్లో నెమలికంఠానికి చోటు లేదు.

భోజనాలయ్యాక జేబులోని ముప్పైవేలూ తీసి అక్క చేతిలో పెట్టాను. టమాటా చీరల్లో రెండింటిని బావ వచ్చినకాడికి అమ్మేశాడనీ, మూడోది పెట్టెలో ఉందనీ అప్పుడు తెలిసింది. అక్క వద్దనలేదు. బావ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. పదివేలు విడదీసి నా జేబులో తిరిగి కుక్కింది.

"దీంతో మంచి తెర కొనుక్కోరా. మళ్ళీ టమాటాలు పండించొద్దు" అంది.

అక్క తిట్టింది! నాలుగు నెలల తర్వాత ఆ పూట అన్నం అరిగింది.